పన్నెండు గర్జెలు, ముప్పై నాలుగు పేజీలు

పుస్తకానికి ముందొక అట్ట, వెనకొక అట్ట ఉంటాయనీ, ఆ రెండింటి మధ్య ఉన్నదాన్ని వరుసగా చదువుకుంటూ పోతే అయిపోతుందనీ నేను గట్టిగా నమ్మిన రోజులవి. నమ్మడానికి కారణం లేకపోలేదు. చిన్న ఊరి గ్రంథాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు పనిచేసిన మనిషిని. నా సొంత చదువు కోసం ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకున్నాను. అందులో ఐదు గళ్ళు: వరుస సంఖ్య, పుస్తకం పేరు, పేజీలు, మొదలుపెట్టిన తేదీ, పూర్తి చేసిన తేదీ. అభిప్రాయానికి గడి లేదు (అభిప్రాయాలు మారుతుంటాయి, పేజీలు మారవు). అప్పటికి వరుస సంఖ్య వెయ్యిన్ని నూట నలభై రెండు. ఒక్కదానికీ ఐదో గడి ఖాళీగా లేదు. ఒకసారి నవల అనుకొని హోమియోపతి మందుల జాబితా తెరిచి, తెరిచిన పాపానికి రెండు వందల పన్నెండు పేజీలూ చదివి తేదీ వేశాను. అలాంటిదాన్ని.

అప్పుడు నాకు అరవై రెండు, ఇప్పుడు అరవై తొమ్మిది. అరవై రెండేళ్ళ ముచ్చటను చిన్ననాటి ముచ్చట అంటే ఎవరూ ఒప్పుకోరని తెలుసు. కానీ పదవీ విరమణ రోజున మా తమ్ముడు ఫోను చేతిలో పెట్టేదాకా నేను తెర మీద ఒక్క లైను కూడా చదివి ఎరగను. ఆ లెక్కన తెర మీద చదివే మనిషిగా నా వయసు ఆ వారానికి సరిగ్గా నాలుగు నెలలు. కాబట్టి దీన్ని నా పసితనం కింద జమకట్టుకోమని మనవి.

సోమవారం ఉదయం పదకొండు పదికి జగిత్యాల నుంచి మా తమ్ముడి కూతురు ఫోను చేసింది. డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇంట్లో నా తర్వాత పుస్తకం ముట్టేది అదొక్కతే. "అత్తమ్మా, నేనొక కథ రాసిన. నీ ఫోన్ల పంపుత. కాలేజిల పోటీ ఉన్నది, వచ్చే సోమవారమే ఆఖరు. నువ్వు మొత్తం చదివి, కథ అయ్యింది అంటెనే పంపుత. కాలేదంటె తీసి పడేస్త" అంది. మీ బాపు చదివిండా అని అడిగాను. "చదివిండు. ఏం లేదు బిడ్డా గందుల, ఉత్త బస్టాండున్నది అన్నడు" అంది. గొంతు నవ్వుతున్నట్టే ఉంది గానీ, ఆ నవ్వు కింద ఏడుపు ఉన్నట్టు నాకు వినపడింది. ఆదివారం వచ్చి నా మాట వింటానంది. సరేనన్నాను. వెయ్యిన్ని నూట నలభై రెండు పూర్తి చేసినదానికి ఇదొక లెక్కా అనుకున్నాను.

కళ్ళజోడు తుడుచుకొని తెరిచాను. పన్నెండు లైన్లు. ఒక అమ్మాయి కోరుట్ల బస్టాండులో నిలబడి ఉంది. చేతిలో స్టీలు డబ్బా. అందులో తల్లి చేసిన కొబ్బరి గర్జెలు (కజ్జికాయలు) పన్నెండు. "అక్కకు ఇచ్చిరా పో" అని తల్లి పంపించింది. ఏ అక్కకో చెప్పలేదు. ముగ్గురు అక్కలు, ముగ్గురివీ మూడు ఊళ్ళు: జగిత్యాల, సిరిసిల్ల, ధర్మపురి. మూడు బస్సులూ ఆగి ఉన్నాయి. అంతే, అయిపోయింది. ఆ మూడు ఊళ్ళ పేర్లు మాత్రం నీలం రంగులో ఉన్నాయి, కింద గీతలతో. బడి పుస్తకాల్లో కఠిన పదాలకు అలా గీతలు పెట్టడం చూసినదాన్ని కదా, ఇదీ అదే అనుకున్నాను. ఊళ్ళ పేర్లలో ఆ పిల్లకు ఏం కఠినం కనిపించిందో బోధపడలేదు. అయినా క్రమం తప్పకూడదని నోటుబుక్కు చివరి పేజీలో మూడింటికీ అర్థాలు రాసుకున్నాను. సిరిసిల్ల: మరమగ్గాల ఊరు. ధర్మపురి: గోదావరి ఒడ్డు, గుడి. జగిత్యాల: తమ్ముడి ఇల్లు. తర్వాత వరుస సంఖ్య 1143, పేజీలు ఒకటి, మొదలు సోమవారం, పూర్తి సోమవారం అని గళ్ళు నింపి ఫోను చేశాను.

"మంచిగున్నది బిడ్డా. జర పొట్టిగున్నది. పిల్లను బస్టాండుల నిలబెట్టి ఇడిసిపెట్టినవు, కూసోవెట్టినా అయిపోతుండె" అన్నాను. అది "అత్తమ్మా, నీలం మాటల మీద ఒత్తినవా?" అంది. "ఎందుకు ఒత్తుత? అర్థాలు రాసుకున్న" అన్నాను. అది పదిహేను సెకన్లు నవ్వింది (ఫోనులో గడియారం ఉంటుంది). ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది: ఏ మాట మీద ఒత్తితే కథ అటు పోతుందట. ఎటు పోవాలో నా ఇష్టమట. "నా ఇష్టమేంది, రాసింది నువ్వు గద?" అన్నాను. "రాసింది నేను. పోయేది నువ్వు" అంది. ఫోను పెట్టేసి ఐదో గడిలోని తేదీని కొట్టేశాను. ఆ నోటుబుక్కులో మొట్టమొదటి కొట్టివేత అదే.

మంగళవారం పొద్దున ధైర్యం చేసి సిరిసిల్ల మీద ఒత్తాను. అమ్మాయి సిరిసిల్లలో బస్సు దిగింది. మగ్గాల చప్పుడు మధ్య నుంచి నడిచి నడిపక్క (మధ్య అక్క) ఇంటికి పోయింది. అక్క డబ్బా మూత తీసి గర్జెలు లెక్కపెట్టింది. పదకొండు. ఇక్కడ నేను ఆగాను. వెనక్కి పోయి చూశాను, బస్టాండులో పన్నెండే. ఒకటి తక్కువ అని పక్కన రాసుకొని ముందుకు కదిలాను. ఆ పేజీలో ‘కిటికీ’ అన్న మాట నీలంగా ఉంటే ఒత్తాను. కిటికీ తెరుచుకుంటుందనుకుంటే పదేళ్ళు వెనక్కి పోయి, ముగ్గురు అక్కలూ చిన్నపిల్లలై ఒక దువ్వెన కోసం కొట్టుకుంటున్నారు. అక్కడ ‘జడ’ మీద ఒత్తితే ధర్మపురిలో గోదావరి మెట్ల మీద పెద్దక్క జడ ఆరబెట్టుకుంటోంది. బస్సు ఎక్కకుండా, టికెట్టు తీసుకోకుండా సిరిసిల్ల నుంచి ధర్మపురి ఎలా చేరామో నాకు తెలియలేదు. మెట్ల మీద ‘చెప్పులు’ నీలంగా కనిపించాయి. ఒత్తాను. కోరుట్ల బస్టాండు. చేతిలో డబ్బా, మూడు బస్సులు, అవే పన్నెండు లైన్లు.

చదివిందే కదా అని దాటేసి పోయే గుణం నాకు లేదు. బస్టాండు వచ్చిన ప్రతిసారీ పన్నెండు లైన్లూ చదివాను. సాయంత్రానికి ఇరవై మూడు పేజీలు అయ్యాయి, అందులో బస్టాండే ఏడు సార్లు. దీన్ని ఏడుగా రాయాలా, ఒకటిగా రాయాలా? చివరికి పాత ఉద్యోగమే ఆదుకుంది. ఒకే పుస్తకాన్ని ఏడుగురు తీసుకుపోతే ఇచ్చిన పుస్తకాల రిజిస్టరులో ఏడు, బీరువాలో మాత్రం ఒకటే. అందుకని నోటుబుక్కులో రెండు లెక్కలు పెట్టాను: వేరువేరు పేజీలు ఒక వైపు, బస్టాండుకు తిరిగి వచ్చినవి ఇంకో వైపు. లెక్క కుదిరింది. కథ మాత్రం కుదరలేదు. ఎంత దూరం వచ్చానో తెలియదు, ఎంత మిగిలిందో తెలియదు. వేలు పెట్టి మందం చూసుకోవడానికి కుడి చేతి వైపు కాగితాలు లేవు.

మా ఇంటి వరండాలో మధ్యాహ్నం నాలుగింటి దాకా నీడ ఉంటుంది. ఆ నీడ కోసం ముగ్గురు ఆడవాళ్ళు చాటలు పట్టుకొని బీడీలు చుట్టడానికి వచ్చేవాళ్ళు. నేను ఏదో ఒక పుస్తకం పైకి చదివేదాన్ని, వాళ్ళు వినుకుంటూ ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేవాళ్ళు. ఒకరు మా వీధిలో అందరికీ పెద్దవ్వ, డెబ్బై దాటిన మనిషి. ఇంకొకరు పక్కింటి సిరిసిల్ల కోడలు, చేయీ నోరూ రెండూ చురుకు. మూడో ఆమెను అందరూ దుబాయామె అనేవాళ్ళు, ఆమె ఎప్పుడూ దుబాయి చూడలేదు. భర్త అక్కడ తొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. ఆ దిక్కు ఎవరు ప్రయాణమైనా వాళ్ళ చేతిలో ఒక పచ్చడి డబ్బానో, అప్పాల డబ్బానో పెట్టి పంపేది. మాట తక్కువ. ఆమె చుట్టిన బీడీ మాత్రం నొక్కితే నొక్కు పడేది కాదు.

నా ఒక్కదానితో కానిది నలుగురం కూర్చుంటే అవుతుందేమోనని బుధవారం ఈ కథే తీశాను. బస్టాండు చదవగానే పెద్దవ్వ చెయ్యి ఆపింది. "ఏ అక్కకో చెప్పకుంట తోలిందా తల్లి? గసొంటి తల్లులుంటరా బిడ్డా?" "ఫోన్ చేసి అడుగరాదా ఆ పిల్ల?" అంది కోడలు. ఫోను ఇంట్లో మరిచిపోయిందని రాసి ఉందన్నాను. "డబ్బా మరువలె, ఫోను మరిచిందా? ఏ కాలం పిల్ల?" అంది. ఎటు పోదామని అడిగితే కోడలు సిరిసిల్ల అంది, అది ఆమె పుట్టిల్లు. పెద్దవ్వ ధర్మపురి అంది, గోదావరిలో గంగస్నానం చేసి చాలా రోజులైందట (కథలో స్నానం చేస్తే ఆమెకేం పుణ్యమో నేను అడగలేదు). నాకు జగిత్యాల పోవాలని ఉంది. దుబాయామె తల వంచుకొని దారం కడుతూనే ఉంది. పది నిమిషాలు వాదించుకున్నాక పెద్దవ్వే తీర్పు చెప్పింది: ఇరవై ఐదు బీడీలు చుట్టి ఎవరు ముందు కట్ట కడితే వాళ్ళు చెప్పిన దిక్కు పోవాలి.

ఆ తీర్పుతో జగిత్యాల ఆశ పోయింది, ఎందుకంటే నాకు బీడీలు చుట్టడం రాదు. కోడలు వరుసగా నాలుగు కట్టలు గెలిచి నాలుగు సార్లూ సిరిసిల్ల పోయింది. "మస్తుసార్లు పోయినవు తల్లిగారింటికి, ఇగ నన్ను గంగకు పోనియ్యి" అని పెద్దవ్వ బతిమిలాడుకుంది. గురువారానికి గొడవ నా మీదికి తిరిగింది. "నిన్న నడిపక్క బావతోని కొట్లాడి బయటికచ్చింది అన్నవు. ఇయ్యాల్ల గామెనే బావకు అన్నం వెడ్తున్నదంటవు. గదెట్ల?" అంది పెద్దవ్వ. రెండూ రాసి ఉన్నాయన్నాను. "రెండిట్ల ఏది నిజం?" నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. పెద్దవ్వ గొంతు తగ్గించి, "నీకు కండ్లు సరిగ కానస్తలేవేమో బిడ్డా. తప్పులేదు, వయసచ్చింది" అంది. ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలల్లో నా చదువు మీద ఎవరూ అంత మాట అనలేదు. ఫోను కోడలి చేతికిచ్చి చదవమన్నాను. అది చదివి, "లే పెద్దవ్వా, గట్లనే ఉన్నది. కొట్లాడింది, అన్నం పెట్టింది. మా ఇంట్ల గూడ గంతే" అంది. పరువు దక్కింది గానీ అయోమయం తీరలేదు.

ఆ సాయంత్రం బీడీలు తీసుకునే అతను వీళ్ళవి చాలావరకు పక్కకు తీశాడట. "గిదేం చుట్టుడు? ఉరుక్కుంట చుట్టిన్రా?" అన్నాడట. మరునాడు పెద్దవ్వ కొత్త నిబంధన పెట్టింది: వదులు కట్ట చెల్లదు. బొటనవేలితో నొక్కి చూసే పని నాది, నాకు పక్షపాతం లేదని. మొదటి కట్ట ఎప్పటిలాగే కోడలిది. నొక్కాను, దిగింది. పెద్దవ్వది కూడా దిగింది. అప్పుడు దుబాయామె తన కట్ట నా చేతిలో పెట్టింది. రాయిలా ఉంది.

"ఎటు పోదాం చెప్పు" అన్నాను. ఆమె దారం వంక చూస్తూ, "ఏ బస్సు ఎక్కొద్దక్కా. ఆ పిల్లను ఇంటికి తోలు" అంది. బస్టాండు పేజీ తెరిచాను. పన్నెండు లైన్లూ చదివాను, మళ్ళీ చదివాను. నీలం మాటలు మూడే. ఇంటికి పోయే మాట ఏదీ లేదు. "లేదమ్మా గది" అన్నాను. "లేదా?" అంది. "సరే తియ్యి. వాళ్ళు ఎటు పోదామంటె గటే పోనియ్యి." మూడు రోజుల్లో ఆమె గెలిచింది అదొక్కటే కట్ట.

నేను కళ్ళజోడు సర్దుకున్నాను. బస్టాండు పేజీనే కళ్ళ ముందు పెట్టుకొని, వేలితో తెరను పైకి జరుపుతున్నట్టు జరిపి, అందులో లేనిది చదవడం మొదలుపెట్టాను. మూడు బస్సులూ వెళ్ళిపోయాయి. అమ్మాయి బెంచీ మీద కూర్చుంది. డబ్బా మూత తీసి ఒక గర్జె తింది. చేతులు తుడుచుకొని ఇంటికి నడిచి పోయింది. "ఇచ్చినవా?" అని అడిగింది తల్లి. "లే. ఒకటి నేనే తిన్న." "ఎట్లున్నయి?" అంది తల్లి. "నువ్వు కూడ తినలేదా?" అంది పిల్ల. తెల్లారి పదకొండు గర్జెలతో సిరిసిల్ల బస్సు ఎక్కింది.

అబద్ధం చెప్పేటప్పుడు కూడా కూడికలు సరిచూసుకున్నానని గమనించే ఉంటారు. దుబాయామె కొత్త ఆకు తీసుకొని, "గంతేనా?" అంది. గంతే అన్నాను. "మంచిగున్నది" అంది. వాళ్ళు వెళ్ళిపోయాక, చదివినదేదైనా నోటుబుక్కులో ఎక్కాలి కాబట్టి ఆ ముక్క మొత్తం రాసుకొని, ఇరవై ఏడో పేజీ, ‘ఇంటికి’ అని ఎక్కించాను. అలవాటు ఎంత చెడ్డదో చూడండి. శనివారం పొద్దంతా కూర్చొని కనిపించిన నీలం మాటలన్నీ ఒత్తాను. కొత్త పేజీ రావడం ఆగిపోయాక మొత్తం కూడితే వేరువేరు పేజీలు ముప్పై నాలుగు, బస్టాండుకు రాకడలు నలభై ఒకటి.

ఆదివారం పదిన్నర బస్సుకు మేనకోడలు దిగింది. ఆ రోజు బీడీల పని లేకపోయినా ముగ్గురూ వచ్చి వరండాలో కూర్చున్నారు. ఆ పిల్ల మొహం చూస్తే రాత్రి నిద్రపోయినట్టు లేదు. చెప్పులు కూడా విడవకుండా "చదివినవా అత్తమ్మా?" అంది. అభిప్రాయం కంటే ముందు లెక్క చెప్పడం నా పద్ధతి. ముప్పై నాలుగు పేజీలు, ఒక్కటి విడవలేదు, సిరిసిల్లలో ఒక గర్జె తక్కువ వచ్చింది అన్నాను. అది నా వైపు వింతగా చూసింది. "ముప్పై మూడే కదా నేను రాసింది?"

నా లెక్క ఏనాడూ తప్పలేదని, నువ్వే రాసి మరిచిపోయి ఉంటావని, గట్టిగానే అన్నాను. అప్పటికి నిజంగానే నాకు తట్టలేదు. నోటుబుక్కు తెచ్చి దాని ముందు పరిచాను. అది ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి ఒకటి, రెండు అనుకుంటూ వచ్చింది. ఇరవై ఏడు దగ్గర వేలు ఆగింది. అప్పుడు తట్టింది నాకు. అది మొత్తం చదివి, తలెత్తి, "గిది నేను రాయలె అత్తమ్మా" అంది.

"గదే గద అన్నిట్ల మంచిగున్నది" అంది దుబాయామె. "మిగిలినయన్ని పోవుడు, ఇచ్చుడే. గండ్ల పిల్ల కూసున్నది, తిన్నది." తర్వాత నా వైపు తిరిగింది. "అంటె గది ఫోన్ల లేకుండెనా?"

"లేకుండె."

"మరి ఎట్ల సదివినవు?"

"సదువలె. చెప్పిన" అన్నాను. పెద్దవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నా కళ్ళను అనుమానించే హక్కు ఇప్పుడు ఆమెకు వచ్చేసింది. దుబాయామె మాత్రం చాలాసేపు చూసి, "నేను అడిగిన్నని చెప్పినవా?" అంది. తల ఊపాను. ఆమె కొంగు సర్దుకొని నేల వంక చూస్తూ నవ్వింది. ఆ నాలుగు నెలల్లో ఆమె నవ్వగా నేను చూసింది అప్పుడే.

మేనకోడలు నోటుబుక్కు వదల్లేదు. "సిరిసిల్లల పదకొండు నేను మరిచిపోయి రాసిన. తప్పే అది" అంది నెమ్మదిగా. "మీరు నలుగురు గింత కొట్లాడిన్రా గీ కథ కోసం?" కోడలు అందుకుంది: "కొట్లాడుడా? బీడీలు ఎనక్కచ్చినయి నీ కథ చేయబట్టి. గా జగిత్యాలక్క ఇంటికి ఒక్కపారి గూడ పోలేదు మేము, ఇంకా పోవాలె." అప్పుడు మేనకోడలు చెప్పులు విడిచి, నా పక్కన కూర్చొని అసలు ప్రశ్న అడిగింది: "అయిపోయిందా అత్తమ్మా? పంపాల్నా, తీసెయ్యాల్నా?"

నేను ఐదో గడి వంక చూశాను. కొట్టేసిన తేదీ పక్కన ఇంకో తేదీ పట్టేంత జాగా ఉంది. కలం మూత తీశాను, పెట్టాను. పూర్తి అని రాద్దామంటే చేయి రాలేదు. పూర్తి కాలేదంటే తీసి పడేస్తానని పిల్ల మొదటే చెప్పింది. అరవై రెండేళ్ళలో అంతకంటే ఇరుకైన చోట నేను కూర్చోలేదు. చివరికి "అయిపోలె. పంపు" అన్నాను. నేనన్న మాట నాకే అర్థం కాలేదు. ఆ పిల్లకు మాత్రం అర్థమైనట్టుంది, తల నా భుజం మీద పెట్టింది.

పోటీలో ఏమీ రాలేదు (నిర్ణేతలు బస్టాండు దాటినట్టు లేదు). పంపే ముందు మేనకోడలు బస్టాండు పేజీలో ‘ఇంటికి’ అన్న మాట చేర్చి, నా ఇరవై ఏడో పేజీని ఒక్క అక్షరం మార్చకుండా పెట్టింది. ఇప్పుడు దాని లెక్కా, నా లెక్కా ముప్పై నాలుగే. పెద్దవ్వ పోయి రెండేళ్ళయింది. నోటుబుక్కులో వరుస సంఖ్య వెయ్యిన్ని మూడు వందల తొంభైకి వచ్చింది. ఐదో గడి ఖాళీగా ఉన్నది 1143 దగ్గర ఒక్కచోటే. ఎప్పుడైనా మధ్యాహ్నం ఆ చివరి పేజీ తీసి, ఊళ్ళ పేర్లకు అర్థాలు రాసుకున్న ఆ నాలుగు నెలల పసిదాన్ని తలుచుకొని నవ్వుకుంటాను. ఎంత ముత్యాల్లాంటి రాతో. ఆ మూడు కఠిన పదాల కింద నాలుగోదిగా ‘ఇంటికి’ అని చేర్చాను. దానికి అర్థం ఇంకా రాయలేదు. రాద్దామని కలం తీసిన ప్రతిసారీ, అసలు ఏం రాసి ఉందో ఒకసారి చూద్దామని ఫోను తెరిచి దాని మీద ఒత్తుతాను. ఇక అటే పోతాను.